ఆ గాజులో ఎవరి ఊపిరి

"తిప్పుతూ ఉండండి మేడమ్. ఆపకండి, ఆపితే జారిపోతుంది."

చిన్న మాస్టారు మాట పూర్తయ్యేలోపే అది జారిపోయింది. ఇనప గొట్టం చివర ఎర్రగా వేలాడుతున్న గాజుముద్ద ఒక పక్కకి ఒరిగి, సాగి, సిమెంటు నేల మీద పడింది. డిటెక్టివ్ ఖాళీ గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మొదటి ముద్ద ఎవరిదైనా నేలపాలే," అన్నాడు వెనక బల్ల మీద కూర్చున్న పళ్ళ డాక్టరు. "నావి మొదటి నాలుగూ అంతే. మాస్టారు ఒక్క మాట అనలేదు. చీపురెక్కడుందో చూపించారు."

నవ్వబోయాడు కానీ, పోయిన మాస్టారి ఊసు తన నోటే వచ్చిందని గుర్తొచ్చి తల దించుకున్నాడు. పక్కన పాత వార్తాపత్రికలు మడతలు పెడుతున్న టైలరమ్మ చేతులు ఆగాయి.

మాస్టారు పోయి మూడు వారాలైంది. నేర్చుకుంటామని వచ్చిన ఎవరినీ కాదనకుండా పాతికేళ్ళు ఈ వర్క్‌షాపు నడిపిన మనిషి. ఒక పొద్దున తలుపు తీసినవాళ్ళకి కొలిమి ముందు కుర్చీలోనే ప్రాణం లేకుండా కనిపించారు. ఇన్‌స్పెక్టరు రెండు రోజుల్లో తేల్చేశాడు. కిటికీలు మూసి ఉన్నాయి. పొగ బయటికి లాగే ఫ్యాను మోటారు కాలిపోయింది. కొలిమిలోంచి వచ్చిన విషవాయువు గదంతా నిండింది. క్లాసు అయ్యాక మాస్టారు ఒక్కరే ఉన్నారు. ప్రమాదం అని రాసి ఫైలు మూసేశాడు.

మాస్టారి కూతురు మాత్రం ఒప్పుకోలేదు.

"ఆ ఫ్యాను చప్పుడు ఆగితే మా నాన్నకి నిద్రలో కూడా మెలకువ వచ్చేస్తుంది మేడమ్. ఆగిపోయాక కూడా కుర్చీలోంచి లేవలేదంటే నేను నమ్మను," అంది డిటెక్టివ్‌తో. తర్వాత సంచిలోంచి ఒక నీలిరంగు పూలకూజా తీసి చేతిలో పెట్టింది. "ఆయన ఆఖరిగా చేసింది ఇదే. చేసినవి చల్లారడానికి పెట్టే ఓవెన్లో ఇదొక్కటే ఉంది."

గాజు సంగతి తెలియకుండా గాజు పనివాళ్ళని ప్రశ్నలడగడం డిటెక్టివ్‌కి నచ్చలేదు. వర్క్‌షాపు మళ్ళీ తెరుస్తున్నారని తెలియగానే క్లాసులో చేరింది. తనెవరో, ఎందుకొచ్చిందో మొదటి రోజే అందరికీ చెప్పేసింది.

రెండోసారి గొట్టం చిన్న మాస్టారే అందుకున్నాడు. ముప్పై దాటినవాడు, పదేళ్ళుగా మాస్టారి దగ్గరే ఉన్నవాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ పిలుపు ముద్దుగానే ఉండేది. ఇప్పుడు ఎవరలా పిలిచినా చెంప మీద కొట్టినట్టు కళ్ళు ముడుస్తున్నాడు. కొలిమిలోంచి గాజు తీసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఒక చేత్తో గొట్టాన్ని కమ్మీల మీద దొర్లిస్తూ, రెండో అరచేతిలో తడి కాగితపు మడత పెట్టి మండుతున్న గాజుకి ఆనించాడు. గుప్పున ఆవిరి లేచింది. డిటెక్టివ్ గొట్టం ఇవతలి కొస దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఊదండి. ఇంకొంచెం... చాలు."

ఆమె ఊపిరి గాజు మధ్యలో నిమ్మకాయంత బుడగ అయింది. ఆమె దాన్ని చూసి ఒక్క క్షణం వచ్చిన పని మర్చిపోయింది.

"మరి మూతి ఎప్పుడు తెరుస్తారు?" అంది తేరుకుని.

"మూతి గొట్టానికే అతుక్కుని ఉంది కదా మేడమ్. అందుకని ముందు అడుగున ఇంకో కడ్డీ అతికించాలి. తర్వాత ఇటువైపు విరగ్గొట్టి, మళ్ళీ కాల్చి, మూతి విప్పాలి. ఒకరు బెంచీ మీద ఉంటే ఇంకొకరు కడ్డీ తెస్తారు. ఇద్దరి పని."

"ఒక్కరే చెయ్యలేరా?"

"చేసేవాళ్ళున్నారు. వయసులో ఉండగా మాస్టారు కూడా చేసేవారట."

"ఈమధ్య?"

చిన్న మాస్టారు కాగితాన్ని నీళ్ళలో ముంచి పిండాడు. జవాబు టైలరమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

"ఈమధ్య ఎక్కడండీ! మాస్టారు గొట్టం నోట పెట్టుకుని మూడేళ్ళు దాటింది. ఆపరేషన్లో ఒక ఊపిరితిత్తి తీసేశారు. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేవారు. మలిచేది ఆయనే కానీ ఊదేది ఎవరో ఒకరం."

"ఎవరో ఒకరం అంటే?"

టైలరమ్మ చిన్న మాస్టారి వైపు చూసి మాట మింగేసింది.

డిటెక్టివ్ లేచి, సంచిలోంచి నీలి కూజా తీసి బల్ల మీద పెట్టింది. సన్నటి మెడ, పూరేకులా బయటికి విచ్చుకున్న మూతి. ముగ్గురూ దాన్ని గుర్తుపట్టిన తీరు ఆమె చూసింది. డాక్టరు మెచ్చుకోలుగా తలాడించాడు. టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది. చిన్న మాస్టారు అటు చూడనే లేదు.

"ఇది ముందు రోజు చేసింది కావచ్చా?" అని అడిగింది.

"కాదు," అన్నాడు డాక్టరు వెంటనే. "ఆ రోజు ఓవెన్లో ఉన్నవన్నీ నేనే తీశాను. నా గిన్నెలు మూడు, టైలరమ్మగారి గ్లాసు. ఖాళీ చేసి లోపలంతా తుడిచాను కూడా."

"తర్వాత?"

"క్లాసు అయిపోయింది. క్లినిక్‌లో పేషెంట్లు ఎదురుచూస్తున్నారని నేను పరిగెత్తాను. కావాలంటే వాళ్ళనే అడగండి, ఆలస్యమైనందుకు తిట్టినవాళ్ళు ఇంకా మర్చిపోయుండరు."

"నేను డాక్టరుగారి కారులోనే వెళ్ళాను," అంది టైలరమ్మ. "షాపు ముందు దింపారు."

"నువ్వు?"

"అందరితోపాటే," అన్నాడు చిన్న మాస్టారు.

"మా కారులో ఎక్కమంటే ఎక్కలేదుగా," అన్నాడు డాక్టరు అమాయకంగా. "సైకిలు మీద వస్తానన్నావు."

డిటెక్టివ్ ఆ మాటని అక్కడే వదిలేసింది. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి ఏమైనా అడిగారా అంది. నెలకోసారి సందర్శకుల రోజు ఉంటుందనీ, ఆ రోజు ఎవరైనా వచ్చి గాజు ఊదడం చూడొచ్చనీ డాక్టరు చెప్పాడు. యాభై అరవై మంది వస్తారు, ఎవరని గుర్తుంటారు?

"ఒకాయన గుర్తున్నాడు," అంది టైలరమ్మ మెల్లగా. "పోయిన సందర్శకుల రోజున వచ్చాడు. వచ్చినవాళ్ళంతా మంట చూస్తూ నోళ్ళు తెరుచుకుని నిలబడతారండీ. ఆయన మంట చూడలేదు. పైకి చూశాడు. ఈ పొగంతా ఎటు పోతుందని నన్నడిగాడు. ఫ్యాను లాగి కప్పు మీద గొట్టంలోంచి వదులుతుందని చెప్పాను. కప్పు మీదకి మెట్లు బయటినుంచేనా అన్నాడు. అవునన్నాను." ఆమె మొహం పాలిపోయింది. "నేనేమైనా తప్పు చేశానా మేడమ్?"

"లేదు," అంది డిటెక్టివ్. "మెట్లెటువైపు?"

కప్పు మీద రేకు గొట్టం నడుము ఎత్తున ఉంది. వాన పడకుండా పైన రేకు టోపీ, దాని కింద, గొట్టంలో జానెడు లోతున, పిట్టలు దూరకుండా ఇనప జాలి. చుట్టూ తుప్పు. టోపీని పట్టి ఉంచిన మరమేకుల తలలు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. ఎవరో ఈమధ్యే విప్పి బిగించారు. ఆమె వాటిని విప్పి టోపీ పక్కన పెట్టింది. గొట్టం లోపల ఏళ్ళతరబడి పేరుకున్న మసి. పైనుంచి జానెడు లోతు వరకు ఆ మసి చుట్టూరా రాసుకుపోయి రేకు కనిపిస్తోంది. జాలి ముళ్ళకి ఏదో చిక్కుకుని ఉంది. పట్టకారుతో తీసి చూసింది. కమిలిన గోనె పీచు.

ఆమె అక్కడే కూర్చుండిపోయింది. మాస్టారి కూతురి మాట నిజమే. ఫ్యాను చప్పుడు ఆగలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఆయన దాన్ని నమ్ముకుని కూర్చున్నారు. తడి గోనెసంచి కుక్కిన గొట్టంలోంచి పొగ ఎటూ పోలేక మళ్ళీ ఆయన మీదకే దిగింది. వేడికి మోటారు కాలిపోయింది ఆ తర్వాతే. అప్పటికి ఆ చప్పుడు ఆగినా లేచేందుకు మనిషి లేడు. తెల్లారేలోపు ఎవరో వచ్చి గోనె లాగేసి, టోపీ బిగించి పోయారు.

దిగి వచ్చేసరికి లోపల ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆమె పోలీసు ఉద్యోగం వదిలేశాక ఆ సంగతి ఎవరూ ఎత్తడం అతనికి గిట్టదు.

"గాజు ఊదడం నేర్చుకుంటున్నారట మేడమ్. మంచిదే, కాలక్షేపం ఉండాలి," అన్నాడు. "కానీ మూసేసిన కేసులో జనాన్ని కూర్చోబెట్టి ప్రశ్నించే అధికారం మీకెవరిచ్చారు?"

"క్లాసుకి ఫీజు కట్టాను. తోటి విద్యార్థులతో మాట్లాడకూడదా?"

"చూడండి, ఆ అమ్మాయి తండ్రి పోయిన బాధలో ఉంది. మీరు లేనిపోని ఆశలు పెట్టి..."

"మీవాళ్ళు కప్పు ఎక్కారా?"

"మోటారు కాలిపోయింది. కారణం కళ్ళముందే ఉంటే కప్పెందుకు ఎక్కాలి?"

ఆమె చేతిరుమాలు విప్పి గోనె పీచు చూపించింది. మెరుస్తున్న మరమేకుల సంగతి, మసి రాసుకుపోయిన సంగతి చెప్పింది. తర్వాత కూజా చూపించి, ఆ రోజు ఓవెన్ ఖాళీ చేసిన సంగతి, మాస్టారి ఊపిరితిత్తి సంగతి చెప్పింది. ఆ పీచుని వెలుతురుకి పట్టి చూస్తున్నప్పుడు ఇన్‌స్పెక్టరు మెడ ఎర్రబడింది. తప్పు ఒప్పుకోవడం అతనికి రాదు. కానీ తప్పు తెలిశాక కళ్ళు మూసుకునే రకం కూడా కాదు.

"అంటే క్లాసయ్యాక మాస్టారితో ఇంకొకడు ఉన్నాడు," అన్నాడు.

"ఉన్నాడు."

"ఉండి దాచాడు."

"దాచాడు."

"ఇక ఆలోచించేదేముంది?" ఇన్‌స్పెక్టరు నాలుగంగల్లో బెంచీ దగ్గరికి వెళ్ళి చిన్న మాస్టారి భుజం పట్టుకున్నాడు. "నాకు నువ్వేం చెప్పావ్? అందరితోపాటే వెళ్ళిపోయానన్నావు కదూ? లే!"

గొట్టం చిన్న మాస్టారి చేతిలోంచి జారి నేల మీద దొర్లింది. చివరనున్న బుడగ పగిలిపోయింది.

"నేనే ఊదాను," అన్నాడు. "ఆ కూజా నేనే ఊదాను సార్. అందరూ వెళ్ళాక మాస్టారు నాతోపాటు ఆగారు. మూడేళ్ళుగా ప్రతి దాంట్లోనూ ఊపిరి నీది, పేరు నాది, ఈ ఒక్కదాని మీద నీ పేరు చెక్కుదాం అన్నారు. ఇద్దరం కలిసి చేశాం. చల్లారాక పేరు చెక్కాలి కదా... ఓవెన్లో పెట్టి వెళ్ళాను. అంతే. వెళ్ళేటప్పటికి ఆయన బాగున్నారు. ఫ్యాను తిరుగుతోంది. మా అమ్మ మీద ఒట్టు, నా కూతురి మీద ఒట్టు!"

"మరి ఎందుకు దాచావు?"

"ఎవరు నమ్ముతారు సార్? ఆయన పోతే ఈ కుర్చీ నాదేగా అంటారు. ఇప్పుడు మీరు చేస్తున్నది అదేగా!"

టైలరమ్మ ఏడవసాగింది. డాక్టరు లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు సంకెళ్ళ కోసం నడుము తడుముకుంటుండగా డిటెక్టివ్ అతని చేతికి అడ్డంగా తన చెయ్యి పెట్టింది.

"ఒక్క నిమిషం. నాకు ఇంకా ఒకటి అర్థం కాలేదు." ఆమె చిన్న మాస్టారి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ సాయంత్రం కిటికీలన్నీ ఎందుకు మూసి ఉన్నాయి?"

"గాజు నింపే రోజు మేడమ్. వారానికోసారి కొలిమిలో ముడి గాజు పొడి పోస్తాం. గాలికి లేస్తుందని తలుపులూ కిటికీలూ మూసేస్తాం. ఫ్యాను ఒక్కటే దిక్కు."

"ఆ పని ఎప్పుడూ మాస్టారే చేస్తారా?"

"మాస్టారా! ఆ దుమ్ములోకి ఆయన్ని రానివ్వం. నేనే చేస్తాను. ప్రతి వారం నేనొక్కడినే."

అన్నాక కానీ ఆ మాట బరువు అతనికి తెలియలేదు. ఇన్‌స్పెక్టరు చెయ్యి నడుము మీదే ఆగిపోయింది.

"అయితే ఆ సాయంత్రం ఆ కుర్చీలో ఉండాల్సింది నువ్వు," అంది డిటెక్టివ్. "పైన గోనె కుక్కినవాడు కింద ఎవరున్నారో చూడలేదు. చూడక్కర్లేదనుకున్నాడు. ఎవరుంటారో అతనికి ముందే తెలుసు. వాడు వచ్చింది నీకోసం."

చిన్న మాస్టారు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఆమె తొందరపెట్టలేదు.

"నువ్వు పని వదిలేసి ఎందుకు వెళ్ళావు?"

"పాపకి జ్వరమని మా ఆవిడ ఫోన్ చేసింది. ఒళ్ళు కాలిపోతోంది, ఉన్నపళంగా రమ్మంది. ఫోన్లో ఏడ్చేసింది. మాస్టారు నా చేతిలో పార లాక్కున్నారు. ఒక్క రోజుకి నాకేం కాదులే, ముక్కుకి గుడ్డ కట్టుకుంటాను, నువ్వు ముందు పద అన్నారు." అతను మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "నా చోట కూర్చుని పోయారు మేడమ్. మూడు వారాలుగా నాకు నిద్ర లేనిది అందుకే."

"ఇంటికెళ్ళేసరికి పాపకి జ్వరం ఎంతుంది?"

"తగ్గిపోయింది."

"ఎంత దూరం మీ ఇల్లు?"

"సైకిలు మీద ఎంతో పట్టదు. నాలుగు వీధులు."

"నువ్వు ఒళ్ళు ముట్టుకుని చూశావా?"

"చూశాను. చల్లగానే ఉంది. బొమ్మలతో ఆడుకుంటోంది. మందు వేశాను, దిగిపోయిందని మా ఆవిడ..."

మాట మధ్యలో తెగిపోయింది. ఒళ్ళు కాలిపోయే జ్వరం నాలుగు వీధులు దాటేలోపు దిగదని ఆ గదిలో పిల్లల్ని పెంచినవాళ్ళందరికీ తెలుసు. టైలరమ్మ ఏడుపు ఆపి అతని వైపే చూస్తోంది.

"నువ్వు వారంలో ఏ సాయంత్రం ఒంటరిగా ఉంటావో ఎవరెవరికి తెలుసు?" అంది డిటెక్టివ్ నెమ్మదిగా.

"మాస్టారికి... మా ఆవిడకి."

"వద్దు," అన్నాడు వెంటనే తనే. "మీరనుకునేది కాదు మేడమ్. మా ఆవిడ నన్ను..."

"చంపాలనుకోలేదు. నేనూ అది అనడం లేదు. ఆమె నిన్ను ఇక్కణ్ణుంచి బయటికి లాగింది. నీ చోట ఇంకొకరు కూర్చుంటారని ఆమెకి తెలియదు. ఆ సాయంత్రం ఏదో జరగబోతోందని మాత్రం తెలిసింది. ఎవరి నోట తెలిసింది? ఆమె ఎవరికి భయపడుతుంది?"

అతను నేల చూస్తూ చెప్పాడు. వాళ్ళది పెద్దలు ఒప్పుకున్న పెళ్ళి కాదు. ఆమెని పెంచింది అన్నయ్యే. పెళ్ళయిన రోజున ఇంటి ముందుకొచ్చి, నా చెల్లెలికి తాళి కట్టినవాణ్ణి బతకనివ్వనన్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళు మొహం చూపించలేదు.

"ఈమధ్య ఫోన్లు చేస్తున్నాడంది. అన్నయ్య మనసు మారిందని మురిసిపోయింది. నా గురించి కూడా అడుగుతున్నాడు, ఎప్పుడొస్తావు, ఎప్పుడు వెళ్తావు అని... మంచిదేగా అనుకున్నాను."

"ఏం పని చేస్తాడు?"

"పెద్ద బిల్డింగుల్లో ఏసీ గొట్టాలు బిగిస్తాడు."

టైలరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు చిన్న మాస్టారి భుజం మీంచి చెయ్యి తీసేశాడు. తీసేటప్పుడు ఆ భుజాన్ని ఒకసారి మెల్లగా తట్టాడు.

"నేను క్లాసులో చేరిన సంగతి ఇంట్లో చెప్పావా?" అని అడిగింది డిటెక్టివ్.

"చెప్పాను. అప్పట్నుంచి తిండి సరిగ్గా తినడం లేదు. నిన్న రాత్రి ఏదో చెప్పబోయి ఆగిపోయింది."

ఇన్‌స్పెక్టరూ డిటెక్టివూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత ఇద్దరికీ ఒకే ఆలోచన ఒకేసారి వచ్చింది.

"ఫోన్ చెయ్యి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇప్పుడే. అందరికీ వినిపించేలా పెట్టు."

చిన్న మాస్టారు రెండుసార్లు తప్పు నొక్కాడు. మూడోసారి మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోతుందనుకున్నప్పుడు అవతల ఎవరో తీశారు.

"నాన్నా!" ఐదేళ్ళ పిల్ల గొంతు.

"అమ్మా, అమ్మకివ్వు తల్లీ."

"అమ్మ లేదు. ఫోన్ ఇక్కడే వదిలేసి వెళ్ళింది."

"ఎక్కడికెళ్ళింది?"

"తెలీదు. కారులో తీసుకెళ్ళాడు. అమ్మ ఏడ్చింది. నన్ను పక్కింటి అమ్మమ్మ దగ్గరికి పొమ్మంది కానీ అక్కడ తాళం వేసుంది."

ఇన్‌స్పెక్టరు అప్పటికే గుమ్మం దాటి పరిగెడుతున్నాడు. బయట జీపు తలుపు చప్పుడైంది. డిటెక్టివ్ చిన్న మాస్టారి జబ్బ పట్టుకుని లేపింది. అతను ఫోన్‌ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"ఎవరు తీసుకెళ్ళారమ్మా?"

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది.

"మామయ్యంట," అంది. "నాన్నా, నాకు మామయ్య ఉన్నాడని ఎప్పుడూ చెప్పలేదేం?"